నోటికి కూడనిది తలకు కూడునా?

తలంటు పోసుకొనుట ఇంటిలో చిన్న పని. కుంకుడుకాయలు, సీకాయపొడి, మెంతులు, ఉసిరిక, మందార ఆకు వంటింటిలోనో పెరటిలోనో దొరకును, ఖర్చు స్వల్పము. అయినను ఇంత చిన్న పనిలో గూడ శ్రావకుని వ్రతమునకు పరీక్ష కలదు. జుట్టు రాలకుండ కోడిగ్రుడ్డు పూయుమనియు, మెరుపునకు తేనె రాయుమనియు చేతి ఫోనులో ఎవరో ఒకరు చెప్పుచునే యుందురు. అనంతకాయమని వదలిన ఉల్లి గూడ రసమై వచ్చి నెత్తిన కూర్చుండుచున్నది.

బళ్ళారిలోనైనను బరంపురములోనైనను కోడలు అత్తగారిని అడుగు ప్రశ్న ఒక్కటే: "తినడం లేదు కదా అత్తయ్యా, తలకు రాసి కడిగేస్తాం. ఇందులో దోషమేముంది?"

ఈ ప్రశ్నను కసరి తోసివేయుట తగదు. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున మద్య మాంస మధు త్యాగమును, అయిదు అణువ్రతములను కలిపి అష్టమూలగుణములుగా చెప్పిరి. అందు తేనె నిషేధము రుచిని గూర్చినది కాదు. పట్టు పిండునపుడు నలిగిపోవు జీవులను గూర్చినది. తేనె నోట పడినదా, నెత్తిన పడినదా అను భేదము ఆ జీవులకు లేదు. పైగా భోజనమునకు ఆకలి యను సాకు కొంత ఉండవచ్చును. అందమునకు అదియు లేదు. చేయుట, చేయించుట, అనుమోదించుట మూడును లెక్కలోనివే గనుక గ్రుడ్డు కొన్నవాడు చేయించినవాడే.

మెంతుల సంగతియు చూడవలెను. అవి ద్విదళములు. పచ్చిపెరుగులో పప్పుధాన్యము కలుపుట భోజనమున వర్జించిన ఇంటనే, మెంతులను పెరుగులో రాత్రంతయు నానవేసి తలకు పట్టింతురు. ఎండుమెంతులు పొడికొట్టి తలంటుకు ముందు గోరువెచ్చని నీటితో కలిపిన చాలును గదా!

ఇక అంగడి. ఇంటిలో గ్రుడ్డు వద్దన్న వర్తకుడు గ్రుడ్డు షాంపూ అమ్మవచ్చునా? ఉద్యోగీ హింస గృహస్థునకు తప్పదని సమాధానము చెప్పుదురు. ధాన్యము నిలువచేయువానికి ఆ మాట చెల్లును. కాని పదునైదు కర్మాదానములలో రసవాణిజ్యము గూడ చేరియున్నది. సౌందర్య సాధనములను జంతువులపై పరీక్షించుటను భారత ప్రభుత్వము 2014లో నిషేధించినది. అయినను కొమ్ములు, గిట్టలు, ఈకల నుండి తీసిన కెరాటిన్ సీసాలలోనికి వచ్చుచునే యున్నది. ధర చూచు కన్ను సీసా వెనుకనున్న అక్షరములు చూడలేదా?

అన్నిటికంటె చిక్కైనది పేల ప్రశ్న. పేను త్రీంద్రియ జీవి. బడికి పోవు బిడ్డ తలలో పేలు పడినపుడు వేపనూనె పట్టింతురు. వంటింటి వైద్యము గనుక హింస లేదనుకొనుట భ్రమ; మందుల దుకాణపు సీసా తలపెట్టిన పనినే అదియు తలపెట్టినది. దువ్వెనతో తీసి గుడ్డపై విడిచినచో దయ చూపితిమని కొందరు తృప్తిపడుదురు. మనిషి తల విడిచిన పేను ఒకటి రెండు దినములకు మించి బ్రతుకదు. అయినను చంపవలెనను సంకల్పము లేకుండుటకు విలువ లేదనరాదు. తత్త్వార్థసూత్రము హింసను ప్రమత్తయోగముచే ప్రాణములు తీయుటగా నిర్వచించినది. బిడ్డ గోకి గోకి తల పుండ్లు చేసుకొనుచుండగా తల్లిని ఊరకుండుమనుటయు దయ కాదు. కేశలోచము చేయు మునులకు ఈ చిక్కు లేదు. గృహస్థునకు ఇందు పూర్తిగా నిర్దోషమైన త్రోవ లేదు. ఉన్నది ముందు జాగ్రత్తయే: జడ బిగించి అల్లుట, ఒకరి దువ్వెన ఒకరు వాడకుండుట, వారమునకు రెండుమారులు పేల దువ్వెనతో చూచుట. పేలు రెండున్నప్పుడే తీసిన తల్లి రెండింటికే కారకురాలగును. నెల ఆలస్యమైనచో లెక్క పెరుగును.

కుంకుడుకాయ గూడ సందేహమునకు అతీతము కాదు. దాని నురుగునకు కారణమైన సపోనిన్ చేపలకు విషము. కాయలు దంచి నీట కలిపి చేపలు పట్టెడి వాడుక గూడ ఉండెడిది! ఒక తలకు ఎనిమిది పది కాయలు చాలును. నిలువ కాయలలో పురుగుండవచ్చును గనుక పగులగొట్టి, గింజ తీసి, లోపల చూచి, వడకట్టి కాచిన నీటిలో నానవేసి పిసుకవలెను. కండ్లు మండి పిల్లలు ఏడ్చుట మాత్రము ఎవరును తప్పింపలేరు. వాడిన నీరు చెరువులోనికి, కాలువలోనికి పోనీయక పెరటి మట్టిలో ఇంకునట్లు పోయవలెను. అదియు చీమల పుట్ట లేని చోట చూచి.