పంపవలసిన వంతు

చదవవలసిన వాక్యభాగం: నెహెమ్యా 8:1–12, రోమా 12:6–15

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ముందుగది గోడమీద తరచుగా కనిపించే వాక్యాల్లో నెహెమ్యా 8:10 ఒకటి. ప్రభువులో ఆనందించడమే మన బలమన్న ఆ మాట క్యాలెండర్ల మీద, కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డుల మీద ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. కెనడాలో, ఒంటారియోలోని ఈ లండన్ నగరంలో మేము ప్రార్థనకు కూడుకునే ఇళ్లలోనూ ఆ ఫ్రేములున్నాయి. ఊరినుంచి వస్తూ సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టి జాగ్రత్తగా తెచ్చుకున్నవి. అయితే వాటన్నిటిలోనూ ఉండేది వచనం చివరి భాగమే. మొదటి భాగాన్ని ఎవరూ ఫ్రేము కట్టించరు.

అందులో ఉన్నది అన్నం సంగతి. యెరూషలేము గోడ 52 రోజుల్లో కట్టి ముగించి ఇంకా వారమైనా కాలేదు. ఏడవ నెల మొదటి రోజున జనమంతా నీటి గుమ్మం ఎదుటి మైదానంలో చేరారు. ఎజ్రా కొయ్య పీఠమెక్కి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు దాని అర్థం విడమరిచి చెప్పారు. వింటున్నకొద్దీ జనానికి ఏడుపు ఆగలేదు. అప్పుడు నాయకులు వాళ్లను ఊరుకోబెట్టి చెప్పింది ఇది: ఇవాళ ఏడవకండి, వెళ్లి మంచి భోజనం చేయండి, తియ్యటిది తాగండి, తమకంటూ ఏమీ సిద్ధం చేసుకోలేకపోయినవాళ్లకు వంతులు పంపండి. బలాన్ని గురించిన మాట దాని తర్వాతే వస్తుంది, అదే వచనంలో.

ఏమీ సిద్ధం చేసుకోలేకపోయినవాళ్లు ఆ జనంలో ఎవరై ఉంటారు? 5వ అధ్యాయం తిరగేస్తే తెలుస్తుంది. కరవులో గింజల కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ కుదువపెట్టినవాళ్లు. రాజుగారి పన్నుకు అప్పు చేసినవాళ్లు. కన్నబిడ్డల్ని దాస్యానికి అప్పగించినవాళ్లు. వాళ్ల దగ్గర వడ్డీ పుచ్చుకున్నదీ సొంత సహోదరులే. నెహెమ్యా వాళ్ల మొర విన్నాడు, కోపగించాడు, పొలాలు తిరిగి ఇప్పించాడు. పొలం చేతికొచ్చినంత మాత్రాన ఆ పూట గిన్నెలోకి కూడు రాదని అతనికి తెలుసు. పండుగ చేసుకోమన్న నోటితోనే ఆ గిన్నెనూ గుర్తుచేశాడు. 12వ వచనంలో జనం సరిగ్గా అలాగే చేశారు: తిన్నారు, తాగారు, వంతులు పంపారు, బహుగా సంతోషించారు. వంతులు పంపడం అక్కడ సంతోషానికి ముందో వెనకో విడిగా లేదు, దాని నడిమధ్యనే ఉంది.

మనం ఈ రెంటినీ విడదీశామని నాకనిపిస్తుంది. సంతోషమంటే ఆదివారం ఆరాధనలో చప్పట్లు, డప్పు, గొంతెత్తి పాడటం. పరిచర్య అంటే మొహం గంభీరంగా పెట్టుకుని మోసే బరువు. ఒకటి పాటల పుస్తకంలో ఉండిపోతుంది, రెండోది కమిటీ తీర్మానాల్లో ఉండిపోతుంది. రోమా 12:8 మనల్ని అలా వదిలిపెట్టదు. ఇచ్చేవాడి గురించి, నడిపించేవాడి గురించి చెబుతూ వచ్చిన పౌలు, కరుణ చూపేవాడు దాన్ని సంతోషంగా చూపాలని అక్కడ రాశాడు. విసుగుతో చూపిన కరుణ అందుకున్నవాడికి ఎలా ఉంటుందో పౌలుకు తెలుసు. చెరసాలల్లో ఇతరుల చేతి తిండి తిన్నవాడు ఆయన.

మా సహవాసంలో ఒక అక్క ఉంది. వృద్ధుల కేర్ హోమ్‌లో పర్సనల్ సపోర్ట్ వర్కర్‌గా, ఇక్కడివాళ్లు పీఎస్‌డబ్ల్యూ అనే ఉద్యోగంలో, సాయంత్రం షిఫ్టు చేస్తుంది. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లలో కొందరికి నీళ్లు కూడా చిక్కబరిచి ఇవ్వాలి, పలచగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అన్నం పెట్టేటప్పుడు ఆ అక్క నిలబడదు. స్టూలు లాక్కుని మంచం పక్కన, తాను చూసుకునే పెద్దావిడ కళ్లకు తన కళ్లు సమానంగా ఉండేలా కూర్చుంటుంది. చెంచాలో సగమే తీస్తుంది. గొంతు కదిలి మింగిందని చూశాకే రెండో చెంచా. గిన్నెడు బంగాళాదుంప గుజ్జుకు ఒక్కోసారి అరగంట పడుతుంది. ఆ అరగంటా సన్నగా తెలుగు పాట పాడుతూనే ఉంటుంది. పెద్దావిడకు తెలుగు ముక్క రాదు. కానీ దుప్పటి మీద వేలు తాళం వేస్తుంది. "అమ్మకు పెట్టే అదృష్టం దేవుడు నాకివ్వలేదు, ఈ అమ్మకు పెట్టనిచ్చాడు" అంటుంది అక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూస్తే, అది ఓదార్పు కోసం అల్లుకున్న మాట కాదని తెలిసిపోతుంది. ఆమెకు అందులో నిజంగానే ఆనందం ఉంది.

ఆ పెద్దావిడ పుట్టి పెరిగిన ఈ నైరుతి ఒంటారియో పల్లెలకూ మన గోదావరి తీరానికీ పాత సంబంధం ఉంది. విశాఖలోనో కాకినాడలోనో చదువుకున్నవాళ్లకు టింపనీ స్కూలు తెలుసు. ఆ స్కూలుకు పేరిచ్చిన ఎ.వి. టింపనీ 1840లో పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, ఈరీ సరస్సుకు చేరువలోని వియెన్నా అనే చిన్న ఊళ్లో. లండన్ నుంచి 401 హైవే మీద తూర్పుగా వెళితే ముప్పావు గంటలోపే వచ్చే వుడ్‌స్టాక్‌లో, బాప్తిస్టుల కెనడియన్ లిటరరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడు. 1867లో భార్య జేన్‌తో కలిసి మిషనరీగా తెలుగుదేశానికి ఓడెక్కాడు. కాకినాడ మెక్లారిన్ హైస్కూలుకు పేరిచ్చిన జాన్ మెక్లారిన్ కూడా వుడ్‌స్టాక్ విద్యార్థే. ఇద్దరూ అక్కచెల్లెళ్లను చేసుకున్న తోడల్లుళ్లు.

మెక్లారిన్ 1874లో కాకినాడ చేరేసరికి అక్కడ సువార్త పని మొదలై ఉంది. మొదలుపెట్టింది తెలుగువాడే. థామస్ గాబ్రియేల్ టెలిగ్రాఫ్ శాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని, తన సొమ్ముతో, అది చాలక అప్పులతో సువార్త పనివాళ్లను పోషించాడు. చేయిదాటిపోతున్నప్పుడు రమ్మని కెనడావాళ్లను పిలిచాడు. వాళ్లు వచ్చిన మరుసటి ఏడు మొదట్లోనే కన్నుమూశాడు. టింపనీ 1885లో కాకినాడలోనే కలరాతో చనిపోయాడు. ఈ పేర్లను మన సంఘాల వార్షికోత్సవాల్లో చదివి కూర్చుంటాం. కానీ కెనడావాళ్ల పనికి ఖర్చు ఎక్కడినుంచి వచ్చింది?

అందులో ఒక భాగం స్త్రీల చేతుల నుంచి. 1876లో ఒంటారియోలో బాప్తిస్టు స్త్రీల మిషనరీ సమాజం ఏర్పడింది. ఊరూరా సంఘాల్లో చిన్న చిన్న బృందాలు. గుడ్లమ్మిన డబ్బులు, వెన్నమ్మిన డబ్బులు చేతిలో ఆడే రైతుల ఇళ్ల ఆడవాళ్లు, గోదావరిని ఎన్నడూ చూడనివాళ్లు, నెలనెలా కూడి ప్రార్థించి కాసులు పంపారు. వాళ్లు పంపిన ఆడపడుచుల్లో ఒకరు వుడ్‌స్టాక్ నుంచి వెళ్లిన ఇసబెల్ హ్యాచ్. రామచంద్రపురంలో కుష్ఠురోగుల ఆశ్రమం ఆమె కష్టంతో నిలబడింది. మన అమ్మమ్మలు చేసింది కూడా ఇదే. అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోసేవారు, ఆదివారం దాన్ని గుడికి తీసుకెళ్లేవారు. ఆ పూట ఇంట్లో ఎంతుంటే అంతలోంచే గుప్పెడు. ఎక్కువైనప్పుడు ఇద్దామని ఎవరూ ఆగలేదు.

అందుచేత ఇవాళ ఒక తెలుగు ఆడబిడ్డ లండన్ కేర్ హోమ్‌లో స్టూలు మీద కూర్చుని ఒక ఒంటారియో ముసలమ్మకు చెంచాతో పెట్టడం నాకు ఉద్యోగం మాత్రమే అనిపించదు. గంటకు ఇంతని జీతం ఉంది, ఉండాలి కూడా. దాంతోపాటు, నూటయాభై ఏళ్ల కిందట బయల్దేరిన వంతు తిరుగుదారిలో నడుస్తోంది.

కెనడాలో కృతజ్ఞతాదినం అక్టోబరు రెండో సోమవారం. నెహెమ్యా పండుగ జరిగిన ఏడవ నెల కూడా మన లెక్కలో సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. మన దగ్గర కోత పండుగకు గుమ్మడికాయలు, వరికంకులు, కోడిపుంజులు తెచ్చి గుళ్లో వేలం పాడినట్టు, ఇక్కడి సంఘాల్లో బల్లమీద మొక్కజొన్న, యాపిల్స్ పేరుస్తారు. ఆ వారాంతం ఊరంతా ఎవరి ఇళ్లకు వాళ్లు చేరతారు. అలా చేరడానికి ఇల్లు లేనివాళ్లు ఫాన్‌షా కాలేజీ, వెస్టర్న్ యూనివర్సిటీ చుట్టుపక్కల బేస్‌మెంట్ గదుల్లో ఉంటారు. వాళ్లలో మన గుంటూరు పిల్లలు, ఖమ్మం పిల్లలు ఉన్నారు. చదువు నడిచే రోజుల్లో కాలేజీ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదన్న నిబంధన ఒకపక్క, అద్దె ఇంకోపక్క, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానని చెప్పే అలవాటు మరోపక్క. అలాంటి పిల్లవాడు ఒకడు సండే సర్వీసుకు రాకపోతే, చలికి బద్ధకించాడనుకోవడం మనకు తేలిక.

మాకు తెలిసిన ఒక ఇల్లాలు అలా అనుకోకుండా శనివారం సాయంత్రం అలాంటి ఒక విద్యార్థికి స్టీలు డబ్బా కట్టి పంపింది. కింది గిన్నెలో అన్నం, మధ్యదాంట్లో పప్పుచారు, పైన బెండకాయ వేపుడు, చిన్న సీసాలో ఆవకాయ. డబ్బా పట్టుకెళ్లింది ఆమె పదేళ్ల కొడుకు. తండ్రి కారు దగ్గర ఆగితే, పిల్లవాడే బేస్‌మెంట్ మెట్లు దిగి తలుపు తట్టాడు. వారం తర్వాత డబ్బా తోమి తుడిచి వెనక్కి వచ్చింది, గిన్నెల్లో నాలుగు యాపిల్స్‌తో. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని ఆ విద్యార్థికి వాళ్లమ్మ చెప్పిందట. ఆ యాపిల్స్ చూసి పదేళ్ల పిల్లవాడు ఎగిరి గంతేశాడు. దేవునిలో ఆనందించడమంటే ఏమిటో సండే స్కూల్లో ఎన్ని వారాలు చెప్పినా వాడికి అంత బాగా తెలిసేది కాదేమో.

రోమా 12:15 దగ్గర ఇంకొంచెం ఆగాలి. సంతోషించేవాళ్లతో సంతోషించమన్న పౌలు ఏడ్చేవాళ్లతో ఏడవమని కూడా వెంటనే రాశాడు. ఈ ఊరికి ఆ రెండో సగం 2021 జూన్ 6న ఎదురైంది. ఆ ఆదివారం సాయంత్రం హైడ్ పార్క్ రోడ్డు పక్కన నడకకు వచ్చిన ఒక ముస్లిం కుటుంబం మీదికి ఒకడు ద్వేషంతో, కావాలనే ట్రక్కు నడిపించాడు. మూడు తరాలవాళ్లు, నలుగురు, చనిపోయారు. ఒక్క పిల్లవాడు మిగిలాడు. రెండురోజుల్లోనే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మసీదు దగ్గర వేలమంది నిలబడ్డారు. అదే వారం అన్ని మతాలవాళ్లూ కలిసి, ఆ కుటుంబం పడిపోయిన చోటు నుంచి మసీదు దాకా నడిచారు. ఏడుస్తున్నవాళ్లది ఏ విశ్వాసమో కనుక్కున్నాక ఏడవమని పౌలు రాయలేదు. కొత్తగా వచ్చిన మన పిల్లలు రాత్రి బస్సు దిగి ఇంటికి నడుస్తూ భయపడినప్పుడు, పక్కింటివాళ్లు తోడు నిలిస్తే బాగుండునని మనకూ ఉంటుంది. ఆ తోడు ముందు మనం ఇవ్వవలసినది. ప్రభువిచ్చే ఆనందం మనల్ని ఆ రోడ్డు పక్కకు నడిపించగలదు, అక్కడ కన్నీళ్లతో నిలబెట్టగలదు కూడా. నెహెమ్యా కాలపు జనం పండుగ చేసుకున్నదీ ఏడ్చిన కళ్లతోనే.

డిసెంబరులో ఇక్కడ అయిదు గంటలకే చీకటి పడుతుంది. హ్యూరాన్ సరస్సు మీదుగా వచ్చే మంచు రాత్రికి రాత్రి మోకాళ్ల దాకా పడిన రోజులున్నాయి. తెల్లారి సిటీ బండి రోడ్డు మంచు తోసుకుంటూ వెళ్లి, ప్రతి ఇంటి కారుదారి మూతి దగ్గరా గడ్డకట్టిన గట్టు వదిలిపోతుంది. పారకు కూడా లొంగని గట్టు అది. గుండెజబ్బు ఉన్న పక్కింటి పెద్దాయన దాన్ని తీయలేడు. మీ గట్టు తీసుకున్నాక పార లోపల పెట్టేముందు అటువైపు ఒక్కసారి చూడండి. సెలవురోజు మీరు వంట మొదలుపెట్టేముందు, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక పేరు గుర్తుకొస్తే, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటామని ఊరుకోకుండా, ఇంకో గుప్పెడు బియ్యం కడిగి వేయండి. ఆ తర్వాత ప్రార్థన చేసుకుందాం.

ప్రార్థన: తండ్రీ, మా బల్లమీద ఉన్న ప్రతిదీ నీ చేతినుంచి వచ్చిందని ఒప్పుకుంటున్నాం. మేము చూడని ఊళ్ల తల్లులు మాకోసం పంపిన వంతులకు నీకు స్తోత్రం. ఈ రోజు రాత్రి షిఫ్టుకు వెళ్లే మా అక్కచెల్లెళ్ల చేతులను బలపరచు, వాళ్ల నోట పాట ఆగనియ్యకు. బేస్‌మెంట్ గదిలో ఒంటరిగా తినే బిడ్డను మాకు చూపించు. ఈ నగరంలో బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లను ఓదార్చు, వాళ్ల గుమ్మందాకా వెళ్లే ధైర్యం మాకివ్వు. నీ సన్నిధిలో మాకు కలిగే సంతోషాన్ని మా తలుపు దాటనియ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.