సమసంఖ్యాకుల సభ

జగత్పిత యొక్కడే యని ప్రార్థనామందిరమున పలుకుట సులభము. ఆ మాట రాజ్యతంత్రమున నిలుచు టెట్లు?

1831వ సంవత్సరమున ఇంగ్లండునందున్న రాజా రామమోహనరాయలవారు ఫ్రాన్సునకు పోగోరి, అనుమతిపత్రము లేనిదే ప్రవేశము లేదని విని, ఆ దేశపు విదేశాంగమంత్రికి లేఖ వ్రాసిరి. మానవజాతి యంతయు నొక్క కుటుంబమని మతమే కాదు, ఇంగితజ్ఞానమును చెప్పుచున్నదని యందు వాదించిరి. అంతటితో నూరకుండలేదు. రెండు దేశములకు వివాదము పుట్టినచో ఉభయుల శాసనసభలనుండి సమసంఖ్యాకులగు ప్రతినిధులు కూడవలెను. అధ్యక్షుని నొక యేడు ఒకరు, మరుసటి యేడు మరియొకరు ఎన్నుకొనవలెను. సభాస్థలమును అట్లే మారవలెను. ఇంగ్లండు ఫ్రాన్సులకు డోవరు, కలే పట్టణములను సూచించిరి. ఎంత చిన్న యేర్పాటు! కాని న్యాయము కొరకు ప్రతిసారియు బలవంతుని గడపకే పోవలసిన దుర్గతి బలహీనునకు దానివలన తప్పును గదా.

1945లో నేర్పడిన ఐక్యరాజ్యసమితి సర్వసభలో ప్రతి రాజ్యమునకు నొక్కొక్క వోటు గలదు. భద్రతామండలిలోనో, అయిదు రాజ్యములలో ఏ యొక్కటి కాదన్నను ముఖ్యతీర్మానము వీగిపోవును. మహాబలులను సభలో నిలుపుటకు ఇది వెల యందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని తోబుట్టువులలో నైదుగురి మాటకే తక్కినవారి తగవు లాగిపోవు నింటిని ధర్మగృహ మని పిలువ నాకు నోరాడదు.

డోవరు కలేల నడుమ నేటికిని అనుమతిపత్రము చూపవలసినదే.