బిడియం ఎవరి సొత్తు?

బిడియం ఆడపిల్లకు పుట్టుకతో వచ్చిన గుణమని మనలో చదువుకున్నవారు కూడా నమ్ముతారు. నేను నమ్మను. గొంతు పైకి రాకూడదని యింట్లో పన్నెండేళ్ళు నేర్పి, ఆ నేర్పినదానికి స్వభావమని పేరు పెడుతున్నాం.

తెనాలి, బాపట్ల, రేపల్లె బడుల్లో ఆడే కబడ్డీని చూడండి. మన పాత చెడుగుడే అది. కూతకు వెళ్ళిన పిల్ల గొంతెత్తి పలకాలి. కూత వినబడకపోతే అంపైరు వెనక్కి పంపుతాడు, పాయింటు అవతలివారికి పోతుంది. యింట్లో తప్పయినది బరిలో నియమమైంది!

అంతకన్నా ముఖ్యం మరొకటుంది. ఆమె అవుటై గీత అవతల కూర్చున్నప్పుడు, తోటిపిల్ల ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేస్తే ఆమె మళ్ళీ బరిలోకి వస్తుంది. మరి ఆ ధైర్యం ఎవరిది? ఏడుగురిదీ అంటాను. ‘ఆత్మవిశ్వాసం’ అనే మాటలోని ఆ ‘ఆత్మ’ మీద నాకెప్పుడూ అనుమానమే.

ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో చేరింది, స్త్రీలది 2010లో. ఆ యిరవై యేళ్ళ ఆలస్యానికి ఏ పిల్ల బిడియం కారణం?

పోటీకని రేపల్లెలో తెనాలి రైలెక్కే కూతుర్ని చూసి మురిసే తండ్రులున్నారు. అదే గొంతుతో ఆమె, “యీ పెళ్ళి నాకొద్దు నాన్నా, చదువుకుంటాను” అంటే వినేవారెందరు? అక్కడ డ్రిల్లు మేష్టరు ఈల పనిచేయదు.