పడేవాడి బాకీ

నేను వెళ్ళే సాయంత్రం జూడో క్లాసులో ముందు నేర్పింది పడటం: గడ్డం గుండెకు ఆనించి, చేత్తో మ్యాట్‌ని చరుస్తూ. విసరడం ఆ తర్వాతే. విసిరేవాడు తోరి, పడేవాడు ఉకె.

నా సాధన కోసం ఇంకొకరి ఒంటిని వాడుకోవడం న్యాయమేనా? వంతులు మారతాం కదా, చెల్లుకు చెల్లు అనుకోవచ్చు. మరి మొదటి నెలల్లో నా మొరటు విసుర్లకు ఓపిగ్గా పడిన సీనియర్‌కి నేనేం తిరిగిచ్చాను? ఆయనకి నా దగ్గర నేర్చుకునేదేం లేదు.

1882లో జూడోని స్థాపించిన జిగోరో కానో, తనతో పాటు ఎదుటివాడూ బాగుపడాలన్నాడు. ఆ ఎదుటివాడు రేపొచ్చే కొత్తవాడు కూడా అనుకుంటాను. వాడి చేతుల్లో నేను పడితేనే ఆ వాడుకోవడం న్యాయమవుతుంది.

ఆఫీసులో జూనియర్ అదే ప్రశ్న మూడోసారి అడిగినా ఇదే లెక్క. నాకూ ఎవరో మూడుసార్లు చెప్పారు.