లోపలి పూత

ధ్యాన భాగం: నిర్గమకాండము 2:1–10

మోషే తల్లి పడవ చేసిందని మనం ఎప్పుడూ అనుకోం. పెట్టె అంటాం, బుట్ట అంటాం, సండే స్కూల్లో పిల్లల చేత రంగు పెన్సిళ్లతో ఉయ్యాల గీయిస్తాం. నీటి మీద తేలి, లోపలికి చుక్క రానివ్వకుండా, మూడు నెలల పసివాణ్ని మోసింది గనుక నేను దాన్ని పడవే అంటాను. రేవులో వడ్రంగులు చేసింది కాదు, ఇంట్లో చేసుకున్నది. ఆ పనికి లేఖనం ఇచ్చిన చోటు ఒక్క వచనం. అందులోనూ పెట్టె ఎంత పొడవో లేదు, ఎంత వెడల్పో లేదు. దానికి పూసిన రెండు పదార్థాల పేర్లు మాత్రం ఉన్నాయి: జిగటమన్ను, కీలు.

నోవహుకు కొలతలు దొరికాయి. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని దేవుడే లెక్కగా చెప్పాడు; లోపలా బయటా కీలు పూయమని కూడా చెప్పాడు. ఈ తల్లికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమెకు ఉన్న కొలత ఒడిలోని పిల్లవాడే.

మా అక్క కొడుకు ఈ వేసవి సెలవుల్లో రిమోట్ పడవ చేస్తానని కూర్చున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నంద్యాల పిల్లవాడికి పడవతో ఏం పని? సముద్రం మాకు పటంలో ఉంటుంది. కుందూ పొంగితే భయపడతాం, తగ్గితే మరిచిపోతాం. అయినా మా పక్కన పారే కె.సి. కాలువను పడవల కోసం కూడా తవ్వారన్న సంగతి ఈ తరంలో ఎంతమందికి తెలుసు? 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు కాలువ నడిపించింది. పొలానికి నీళ్లు, సరుకుకు పడవదారి, రెండు చేతులా రాబడి అనుకున్నారు. పడవలు ఎక్కి దిగేందుకు లాకులు కట్టారు. రాబడి రాలేదు. నల్లరేగడి రైతు నీళ్ల కోసం ఎగబడనూ లేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. పడవలు పోయాయి, వరి మిగిలింది. నంద్యాల సోనా తినేవాళ్లకు అది నష్టమేమీ కాదు లెండి.

పిల్లవాడి పడవ రెండడుగులది. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే బోర్డు, చుక్కాని తిప్పే సర్వో, రిసీవరు, బ్యాటరీ అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. 3 ఎం.ఎం. ప్లైవుడ్, అరల్డైట్, ఎం-సీల్ ఊళ్లోనే దొరికాయి. తూకం సరిపెట్టడానికి సీసం కోసం వెతికి వెతికి, ఆఖరికి టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే 5 గ్రాముల, 10 గ్రాముల బిళ్లలు తెచ్చుకున్నాడు. బకెట్ చాలక, వాళ్లమ్మ బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో దించి, ముందువైపు ఒక బిళ్ల, వెనకవైపు రెండు అంటిస్తూ పీకుతూ పడవను నీళ్ల మీద సమంగా కూర్చోబెట్టిన ఆ పూట వాడి ఓపిక చూసి ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. చదువు పుస్తకం ముందర ఆ ఓపిక ఎన్నడూ కనబడలేదు.

వాడి మనసంతా రంగు మీద ఉంది. అడుగున ఎరుపు, పైన తెలుపు, రెండింటి మధ్య నల్లగీత. దానికోసం పుట్టీ పెట్టి గీకాడు, ప్రైమర్ కొట్టి ఎండబెట్టాడు, 400 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో ముంచి మెల్లగా రుద్దాడు. కంటికి నున్నగా కనిపించే చోట కూడా గోటి వెనకవైపుతో ఇట్లా జారిస్తే గుంత తెలిసిపోతుంది. తెలిసిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి, మళ్లీ పుట్టీ, మళ్లీ పేపరు. ఆ పని పట్టిందంటే చేతికి వేరే లోకం గుర్తుండదు.

చివరి రంగు స్ప్రేతో కొట్టించాలని ఆళ్లగడ్డకు తీసుకుపోయాం. అక్కడ మాకు తెలిసినాయన కార్లకు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతాడు. ఆయన పడవను చేతిలోకి తీసుకుని పైపైన ఒకసారి చూసి, వెంటనే డెక్కు మూత తీసి లోపలికి వేలు పెట్టాడు.

"పైన నేను అద్దం చేసిస్తా. లోపల ఏం కొట్టినావబ్బీ?"

"లోపల ఎవరు చూస్తారన్నా? మూసేస్తా కదా."

"నీళ్లు చూస్తాయి."

రంగు కొట్టకుండా పడవను మా చేతికిచ్చేశాడు. తర్వాత తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. ప్లైవుడ్ ముఖం కంటే దాని అంచు నీళ్లను ఎక్కువ పీలుస్తుంది. పుట్టీ కూడా గట్టిగా కనబడుతుంది గానీ దానికీ చెమ్మ పట్టే గుణం ఉంది. లోపలి కొయ్య తడిస్తే ఆ తడి బయటికి దారి వెతుక్కుంటుంది. పైన ఉన్న మంచి రంగునే పొక్కులు లేపి పైకి నెడుతుంది. జనం రంగు బాగలేదని పెయింటర్‌ను తిడతారు, అసలు జబ్బు లోపల ఉంటుంది. ఇక పంకా కడ్డీ బయటికి వచ్చే గొట్టం సంగతి సరే సరి. పడవ అడుగున మనం కావాలని చేసిన బొక్క అది. దాన్ని మూసేస్తే పడవ నడవదు, వదిలేస్తే మునుగుతుంది. గొట్టం చుట్టూ ఎం-సీల్ పెట్టాలి, గొట్టం లోపల గ్రీజు నింపాలి, నడిపిన ప్రతిసారీ గ్రీజు చూసుకోవాలి.

రంగును తిట్టే ప్రసంగాలు నాకు నచ్చవు. సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు మాట్లాడింది (మత్తయి 23:27) చదివి, శుభ్రమైన బట్ట కట్టుకున్న ప్రతి మనిషినీ అనుమానంగా చూసే భక్తి ఒకటి మన సంఘాల్లో ఉంది. రంగుకు దాని పని ఉంది. లోపల పూసే ఎపాక్సీ రెసిన్ నీళ్లను ఆపుతుంది గానీ ఎండకు తట్టుకోలేదు. మన సీమ ఎండకు అసలే తట్టుకోలేదు. పైన రంగు ఉంటేనే ఆ రెసిన్ బతుకుతుంది. ఆ ఆళ్లగడ్డ ఆయన రంగు వద్దనలేదు. వరస చెప్పాడు, అంతే.

తల్లి దగ్గరికి మళ్లీ వద్దాం. జమ్ము తేలికైనది, తేలుతుంది. కానీ నీళ్లు పీలుస్తుంది. పెట్టె అల్లడం ఆ నదీతీరంలో చాలామంది ఆడవాళ్లకు వచ్చిన పనే అయ్యుండాలి. పూత పూయడమే కష్టం. తారులాంటి ఆ పదార్థాన్ని కరిగించాలి. కరిగిస్తే పొగ వస్తుంది, వాసన వస్తుంది. మగపిల్లలను ఏట్లో పారవేయమని రాజు ఆజ్ఞ ఇచ్చిన దేశంలో, పక్కింటివాళ్లు ముక్కు ఎగబీల్చి "ఏం కాస్తున్నావమ్మా?" అని అడిగితే ఆమె ఏం చెప్పి ఉంటుంది? లేఖనం చెప్పదు. అల్లిక సందుల్లోకి వేలితో నొక్కి, ఆరాక మళ్లీ తడిమి, వెలుతురుకు ఎత్తి చూసి, కన్నమేదైనా మిగిలిందేమోనని వెతికిన చేతులను మనం ఊహించుకోవాల్సిందే. ఆ పెట్టెను చూసి మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. కనబడకుండా ఉండాలనే చేసింది.

ఆ పెట్టెను ఎక్కడ పెట్టిందో కూడా చూడండి. బొమ్మల్లో అది నడి ప్రవాహంలో కొట్టుకుపోతూ ఉంటుంది. వాక్యంలో మాత్రం ఏటి ఒడ్డున, జమ్ము మధ్యన ఉంది. ప్రవాహం లాగేసుకోని చోటు, నీళ్లకు జనం వచ్చే చోటు ఆమె ఎంచుకుంది. విశ్వాసం అంటే కళ్లు మూసుకుని వదిలేయడమని ఎవరు నేర్పారో గానీ, ఈ తల్లి దగ్గర నేర్చుకోలేదు. మేమూ పిల్లవాణ్ని కాలువ దగ్గరికి పోనివ్వలేదు. లోపల రెసిన్ రెండు పూతలు వేసి, ఆళ్లగడ్డలో ఎరుపూ తెలుపూ కొట్టించుకుని వచ్చాక, చిన్నచెరువు ఒడ్డున నీళ్లు కదలని మూల చూసి దించాం.

రిమోట్ చేతిలో ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తీగ లేకుండా చిన్న పడవను నడిపి చూపినప్పుడు జనం నమ్మలేకపోయారు. 64కు ఘనమూలం ఎంతని పడవను అడిగితే దాని దీపం నాలుగుసార్లు వెలిగిందట. వెలిగించింది పక్కన నిలబడ్డ టెస్లానే. ఇప్పుడు ఆ విద్య ఇంటర్ పిల్లవాడి చేతిలోకి వచ్చింది. కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఈ రిమోట్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గాలిలో పోయినంత దూరం నీళ్లలో పోవు. నీరు వాటిని మింగేస్తుంది. అందుకే రిసీవర్ యాంటెన్నాను నీటిగీతకు పైన నిలబెట్టాలి. పడవ మునిగిపోతున్న క్షణంలో, మనకు అదుపు అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన ఆ క్షణంలో, మన మాట దానికి అందదు. అప్పుడు దాన్ని కాపాడేది ఏదైనా ఉంటే అది ముందే, పొడి నేల మీద, ఇంట్లో చేసి ఉండాలి.

ఇది పిల్లల్ని దూరం పంపిన తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. బ్యాంకు కోచింగ్ కోసం ఎన్నో జిల్లాల నుంచి కుర్రవాళ్లు నంద్యాలకు వచ్చి గదుల్లో, హాస్టళ్లలో ఉంటారు. సాయంత్రం టీ కొట్ల దగ్గర నిలబడితే అందరి ఫోన్లలో అదే మాట: తిన్నావా, పడుకున్నావా, ఎట్లుంది? ఆ ఫోనే ఆ తల్లులకు రిమోట్. ఈ ఊరికి అది కొత్త కాదు. ఎస్.పి.జి. మిషన్ బోర్డింగులకు పల్లెల నుంచి పిల్లలను పంపిన తల్లులకు ఆ ఫోన్ కూడా లేదు. రేకు ట్రంకు పెట్టె మీద పిల్లవాడి పేరు తెల్ల పెయింటుతో రాయించి, లోపల ఒక దుప్పటి, ఒక బైబిలు పెట్టి పంపేవాళ్లు. పొద్దున మోకాళ్ల మీద పలికే పేరు, అబద్ధం ఆడితే పస్తుంచిన రాత్రి, తప్పు చేసి వచ్చినా తలుపు తీసిన రోజు, ఇవి ట్రంకులో పట్టేవి కావు. వాటిని ఏళ్ల తరబడి పూసి పంపారు. ఆ ఏళ్లు గడిచిపోయాయని ఇప్పుడు బాధపడే తల్లి ఈ పేజీ చదువుతూ ఉండవచ్చు. ఆమెకు ఈ భాగంలో ఇంకో సంగతి ఉంది.

పెట్టెకు కొంచెం దూరంలో బిడ్డ అక్క నిలబడింది. ఆమె చేతిలో ఏమీ లేదు. చూడటం తప్ప ఆమె చేయగలిగిందీ లేదు. అమ్మ పూసిన పూత నీళ్లను ఆపింది, కానీ ఆ పెట్టెలోంచి బయటికి రాకుండా ఏ కీలూ ఆపలేనిది ఒకటి ఉంది. ఏడుపు. మూడు నెలలు ఆ ఇల్లు భయపడింది దానికే. బిడ్డ గొంతు పెరిగేకొద్దీ దాచడం కుదరలేదు. చంకన వేసుకుని ఊపి, నోటికి రొమ్ము అందించి, రాత్రంతా ఆ ఒక్క శబ్దాన్ని నొక్కిపెట్టడానికి ఆ తల్లి పడని పాటు లేదు. ఇప్పుడు ఫరో కుమార్తె స్నానానికి వచ్చింది, పెట్టెను తెప్పించింది, మూత తీసింది. బిడ్డ ఏడుస్తున్నాడు. ఆమె మనసు కరిగింది అక్కడే.

పెట్టె ఎంత బాగా చేశారో ఆమె చూసి ఉండవచ్చు, చూడకపోయి ఉండవచ్చు. లేఖనం ఏడుపు గురించే చెప్పింది. తల్లి ఏ లోపాన్ని కప్పలేకపోయిందో, దేని వల్ల ప్రాణం పోతుందనుకుందో, అదే రాజకుమార్తె చెవిన పడి బిడ్డను నీళ్లలోంచి తీయించింది. అక్క పరుగున వచ్చి దాదిని పిలుచుకు రమ్మంటారా అని అడిగింది. సాయంత్రానికి అదే తల్లి అదే బిడ్డకు పాలిస్తూ ఉంది, ఈసారి రాజుగారి ఇంటి జీతం మీద. ఆమె ఇక వాడి నోరు మూయనక్కరలేదు. ఏడవనిచ్చింది.

మీ పిల్లల్లో మీరు మూయలేకపోయిన సందు ఏదో మీకు తెలుసు. ఒకడికి కోపం, ఒకతెకు భయం, ఇంకొకడికి ఎవరితోనూ కలవలేని బిడియం. ఎన్ని పూతలు వేసినా అక్కడ తడి వస్తూనే ఉంది. ఈ రోజు ఆ ఒక్కదాన్ని పేరు పెట్టి దేవునితో చెప్పండి. బాగుచేయమని తర్వాత అడగవచ్చు; ముందు ఆయనకు చూపించండి.

ప్రార్థన: తండ్రీ, పొడి నేల మీద ఉండగానే మా లోపలి కన్నాలు మాకు కనబడనివ్వు. మా చేతి నుంచి, మా మాట అందే దూరం నుంచి దాటిపోయిన పిల్లలను నీవు చూస్తున్నావు. కోచింగ్ గదుల్లో తలగడలో ముఖం పెట్టుకుని ఏడ్చి, ఫోన్లో మాత్రం బాగున్నానమ్మా అని చెప్పే వాళ్లున్నారు; వాళ్ల గొంతు ఎవరైనా ఒకరి చెవిన పడనివ్వు. నోటికి గుడ్డ కూడా లేకుండా థిన్నర్ వాసన పీలుస్తూ షెడ్లలో రంగులు కొట్టే అన్నల ఊపిరితిత్తులను కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.