గొంతు మెత్తబరచడం

మనిషిని మెత్తబరిచే హక్కు ఇంకో మనిషికి ఉంటుందా? న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో పియానో బాగుచేస్తుంటే, పక్కన కూర్చున్న నన్ను ఈ ప్రశ్న పట్టుకుంది.

పాత పియానో. మనవరాలు వాయిస్తుంటే రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుండేది. శ్రుతి చేయించినా అంతే. వచ్చినాయన ముందు పలక ఊడదీసి, లోపలి సరంజామా ఎత్తి బల్ల మీద పెట్టాడు. 88 మెట్లకీ 88 సుత్తులు! కర్ర సుత్తికి ఉన్నిని అదిమి చేసిన ఫెల్టు తొడుగు. పూర్వం తోలు చుట్టేవారు. 1826లో పారిస్‌లో పాప్ అనే ఆయన ఫెల్టుకి పేటెంటు తీసుకున్నాడు. తీగల్ని కొట్టి కొట్టి ఆ ఉన్ని చెక్కలా బిగుసుకుపోయింది. అలాంటి సుత్తి తగిలితే కీచు స్వరాలే పైకొస్తాయి. అంటే ఆ కటువుదనం పుట్టుకతో వచ్చింది కాదన్నమాట. చాకిరీతో వచ్చింది.

ఆయన గరుకు కాగితంతో తీగల గాట్లు అరగదీశాడు. తరవాత పిడికి మూడు సూదులున్న పనిముట్టుతో పొడవడం మొదలెట్టాడు. తీగకి తగిలే కొసన కాదు. పక్కన, భుజాల దగ్గర. అక్కడ ఉన్ని వదులైతే సుత్తి తేలిగ్గా వెనక్కి దూకుతుందట. రెండు పోట్లు, బిగించి వినడం, మళ్లీ రెండు పోట్లు. "ఇంకో నాలుగు పొడిచెయ్యమనవే, త్వరగా అవుతుంది" అన్నాను మా అమ్మాయితో. ఎక్కువ పొడిస్తే మెత్తబడదు, మొద్దుబారుతుంది అన్నాడాయన. లక్కర్ పట్టించి మళ్లీ గట్టిపరచొచ్చు గానీ, తెగిన పోగులు అతుక్కోవుట.

మా పెద్దక్క గుర్తొచ్చింది. నాన్న పోయాక మా నలుగుర్నీ పెంచింది అక్కే. ఇంటివాళ్లతో, అప్పులవాళ్లతో అరిచి అరిచి ఆ గొంతు అలా తయారైంది. మేం కాస్త స్థిరపడ్డాక అది మాకు నామోషీ అయింది. "మెల్లిగా మాట్లాడక్కా" అని పేరంటాల్లో, వియ్యాలవారి ముందు అనేవాళ్లం. మేం పొడిచింది భుజాల దగ్గర కాదు, సరిగ్గా తగిలే చోటే.

అలాగని కటువు మాట పడ్డవాళ్ల బాధ అబద్ధమనను. అక్క మాటలకి మా వదిన వంటింట్లో ఏడ్చిన రోజులు నాకు తెలుసు. కానీ నిజం చెప్పండి, మా మందలింపు వదిన కోసమా, మా పరువు కోసమా? సుత్తికి నొప్పి లేదు. దాని తీపి వినేవాళ్ల కోసమే. అక్క గొంతు ఎవరి చెవుల కోసం?

ఆ రాత్రే ఫోను చేశాను. "అక్కా, ఓసారి గట్టిగా తిట్టవే" అన్నాను.

"ఎందుకమ్మా, బాగానే ఉన్నావుగా" అంది, వినబడీ వినబడనట్టు.