ఖాళీ గది ఎవరి కోసం?



ఈ మధ్య ఒక కొత్త ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్లాను. ముందుగది చూడగానే ముచ్చట వేసింది. తెల్లని గోడలు, ఒక సోఫా, ఒక బల్ల. అంతే. సామాను తక్కువ, వెలుతురు ఎక్కువ. "ఇప్పుడంతా ఇదే పద్ధతండి ఫాదర్‌గారూ, దీన్ని మినిమలిజం అంటారు" అని ఆ ఇంటి కుమారుడు వివరించాడు. తీర్థం చల్లుకుంటూ వెనుక వసారాలోకి వెళితే, అక్కడ నులక మంచం మీద వాళ్ల నాయనమ్మ కూర్చుని ఉంది. "ఆ గదికి నా మంచం నప్పదంట ఫాదరూ" అంది. ఫిర్యాదుగా కాదు, నవ్వుతూనే అంది. నేనూ నవ్వి, దీవించి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదలలేదు.

తక్కువ సామానుతో, అలంకారం లేకుండా కట్టుకోవడం తిరుసభకు కొత్త కాదు. 1098లో ఫ్రాన్సు దేశంలోని సితో అనే చోట కొందరు మఠవాసులు, తమ జీవితం మళ్లీ నిరాడంబరం కావాలని కోరి కొత్త మఠం స్థాపించారు. వారే సిస్టర్సియన్ సభవారు. కొన్నేళ్లకు అందులో చేరిన పునీత బెర్నార్డుగారు 1125 ప్రాంతంలో రాసిన ఒక రచనలో మఠాల ఆడంబరాన్ని గట్టిగా ప్రశ్నించారు. సహోదరులు కూర్చుని చదువుకునే చోట ఈ చెక్కిన కోతులకు, వింత మృగాలకు పనేమిటి? గుడి గోడలు మెరుస్తూ ఉంటే గుడి ముందు పేదవాడు ఆకలితో ఉండటమేమిటి? ఇదీ ఆయన వాదన సారాంశం. గమనించండి. ఆయన బాధ కేవలం అందం గురించి కాదు. గోడకు దక్కింది పేదవానికి దక్కలేదని.

ఆ స్ఫూర్తితో కట్టిన మఠాల్లో ఒకటి ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతంలో ఉంది. పేరు ల తొరోనె, కట్టింది 12వ శతాబ్దంలో. అక్కడ ఉన్నది రాయి, వెలుతురు, నిశ్శబ్దం. మన దేశంలో చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన ల కార్బూజియే 1953లో ఆ మఠాన్ని చూశాడు. తరువాత లియోన్ సమీపంలో దొమినికన్ సభవారికి ల తూరెత్ మఠాన్ని రూపొందించాడు. అందులో ఒక్కొక్క గది వెడల్పు 1.83 మీటర్లు, అంటే ఆరడుగులు. చేతులు చాపితే రెండు గోడలూ దాదాపు తగులుతాయి. ఒక మంచం, ఒక రాతబల్ల, బట్టలకు ఒక అర. ధ్యానానికి, చదువుకు అంతకంటె ఏం కావాలి?

అందానికి మూడు లక్షణాలుండాలని పునీత తోమాసు అక్వీనాసుగారు బోధించారు: సమగ్రత, పొందిక, తేజస్సు. మొదటిది సమగ్రత. అంటే ఉండవలసినదేదీ లోపించకూడదు. మరి నాయనమ్మ లోపించిన గదిని అందమైన గది అనవచ్చునా?

ఇంకొక సంగతి వినండి. జాన్ పాసన్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి 1995లో న్యూయార్కులో కాల్విన్ క్లైన్ సంస్థకు ఒక బట్టల దుకాణం రూపొందించాడు. తెల్లని గోడలు, విశాలమైన ఖాళీ. త్రాపిస్టు సన్యాసులు అతని పుస్తకంలో ఆ దుకాణం ఛాయాచిత్రాలు చూసి, చెక్ దేశంలో తాము కట్టబోయే నోవీ ద్వూర్ మఠానికి అతన్నే పిలిచారు! ఆ మఠం దేవాలయం 2004లో అభిషేకింపబడింది. అవే తెల్లని గోడలు, అదే ఖాళీ. కాని దుకాణంలో ఆ ఖాళీ సరుకు వైపు కన్ను తిప్పడానికి. మఠంలో ఆ ఖాళీ దేవుని స్వరం వినడానికి. కనుక ఖాళీ తనంతట తాను పుణ్యమూ కాదు, పాపమూ కాదు. అది ఎవరి కోసం అన్నదే ప్రశ్న.

మరొక మాట కూడా చెప్పాలి. మన కూలీ కుటుంబాల ఇళ్లలోనూ సామాను ఉండదు. ఒక పొయ్యి, ఒక ట్రంకు పెట్టె, బట్టలు వేసే దండెం. దాన్ని ఎవరూ మినిమలిజం అనరు. ఉన్నవాడు వదులుకోవడం వేరు, లేనివాడు లేక బ్రతకడం వేరు. లేనివారికి నిరాడంబరత గురించి ప్రసంగాలు చేయకండి. వారికి ఒక కుర్చీ ఇవ్వండి.

రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో షూనేము నగరపు ఇల్లాలిని జ్ఞాపకం చేసుకోండి. ఎలీషా ప్రవక్త తరచు ఆ దారిన వెళ్లడం చూసి, ఆమె భర్తతో మాట్లాడి మేడమీద ఒక చిన్న గది ఏర్పాటు చేయించింది. అందులో నాలుగే వస్తువులు: ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపం. ఆమె కలిగిన ఇల్లాలే, నలభై వస్తువులు పెట్టగలదు. కాని అలసి వచ్చే అతిథిని తలచుకుని, అతనికి కావలసినవి మాత్రమే పెట్టింది. ఆ గదిలో మొదటి వస్తువు మంచమే!

ఇదంతా ఇతరులకు చెప్పడం సులభం. నేను గురుపట్టం పొంది మొదటి విచారణకు వెళ్లినప్పుడు నా సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట. ఇప్పుడున్న విచారణకు మారి వచ్చినప్పుడు వ్యాను కావలసి వచ్చింది. రెండు బీరువాల్లో ఒకదాన్ని ఇంతవరకు తెరవనే లేదు. తెరవకుండా ఇన్నాళ్లు గడిచిందంటే అందులో ఉన్నవి నావి కావు, ఇంకెవరివో.

మన గుళ్ల సంగతి కూడా ఆలోచించాలి. దేవాలయ కళలో వట్టి ఆర్భాటం కాదు, హుందాతనం గల అందం వెదకాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. మన బలిపీఠాల చుట్టూ ప్లాస్టిక్ పూలు, సీరియల్ లైట్లు ఎందుకు? 2025 ఏప్రిల్‌లో పరమపదించిన జగద్గురువులు పోపు ఫ్రాన్సిస్‌గారు తన సమాధి నేలలో, ఏ అలంకారమూ లేకుండా ఉండాలని, దానిపై తన పేరొక్కటే చెక్కాలని ముందే రాసి ఉంచారు. రోమునగరంలోని మరియమాత మహాదేవాలయంలో అలాగే చేశారు.

ఈ వారం ప్రతి కుటుంబం సాయంకాల ప్రార్థన ముగిశాక ఇంట్లో ఒకసారి కలయజూడండి. ఏడాదిగా ముట్టని వస్తువేదో తీసి, అది అవసరమైన ఇంటికి చేర్చండి. పారేసినట్టు కాక, బహుమానంగా ఇవ్వండి. అలా ఏర్పడిన ఖాళీలో ఎవరిని కూర్చోబెడతారో ఆలోచించండి.

ఆ కుమారునితో తరువాత మాట్లాడాను. కాసేపు తల వంచుకుని, "పేరు లేకుండా రాయండి ఫాదర్‌గారూ, మా ఒక్క ఇల్లే కాదుగా" అన్నాడు. వచ్చే మొదటి శుక్రవారం నాయనమ్మకు దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళతాను. ప్రభువును ఏ గదిలో స్వీకరించాలో ఆ కుటుంబమే నిర్ణయిస్తుంది.

సత్రంలో చోటు దొరకక పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు, మీ ఇంట్లో చోటు పొందును గాక. ఆమెన్.